వాహన ఋణం: అసలు, వడ్డీ, బాకీ

ఆధునిక జీవనంలో ఋణం ఒక అనివార్యమైన అంగంగా పరిణమించింది. ఇల్లు కట్టుటకు, పిల్లల చదువుకు, వాహనం కొనుటకు సామాన్య కుటుంబీకుడు బ్యాంకు మెట్లు ఎక్కక తప్పడం లేదు. తిరుపతి వంటి యాత్రాస్థలంలో వాహనం కేవలం విలాసవస్తువు కాదు. రైల్వే స్టేషను వద్ద, బస్‌స్టాండు వద్ద, అలిపిరి వద్ద యాత్రికుల కొరకు నిరీక్షించే టాక్సీలూ, శ్రీకాళహస్తికీ కాణిపాకానికీ తిరిగే కార్లూ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. మన విద్యార్థులలో కొందరి ఇండ్లలో నెల మొదటి వారం రాగానే వినవచ్చే మొదటి మాట "బండి కంతు కట్టినామా?" అన్నదే.

నెలకు ఎంత కట్టవలెనో ఆ ఇంట అందరికీ తెలుసును. కాని కట్టిన సొమ్ములో వడ్డీ ఎంత, అసలు ఎంత అని అడిగితే సమాధానం చెప్పగలవారు అరుదు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేసి పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడ తండ్రిగారి ఋణఖాతా వివరణపత్రాన్ని చేతిలో పెడితే తెల్లబోతున్నాడు. ఈ లోటును కొంతవరకైనా తీర్చడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. వడ్డీ ఇచ్చుట, పుచ్చుకొనుట ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో మన పాఠకులలో పలువురికి దృఢమైన విశ్వాసాలున్నాయి. ఆ చర్చ ఈ వ్యాసపరిధిలోనిది కాదు. ఋణం తీసుకున్నవారికీ, తీసుకోరాదని నిశ్చయించుకున్నవారికీ కూడ లెక్క తెలిసియుండడం అవసరమే.

పదాలే చెప్పే అర్థం

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ చదివే మన కళాశాలలో ఈ విషయాన్ని పదాల నుండి ప్రారంభించడం సముచితం. "అసలు" అనేది అరబీ నుండి ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడిన మాట. దానికి మూలం, వేరు అని అర్థం. "కిస్తు" కూడ అట్టిదే. భాగం, వాటా అని దాని భావం. "వాయిదా" అంటే మాట ఇచ్చుట. "బాకీ" అంటే మిగిలినది. ఇక "వడ్డీ" సంస్కృతంలోని "వృద్ధి" నుండి ప్రాకృతం ద్వారా వచ్చిన పదం. పెరుగుట అని అర్థం. వేరు అసలు, పెరుగుదల వడ్డీ, ఇంకను మిగిలియున్నది బాకీ. ఈ మూడింటి భేదం తెలిసినవారికి ఋణగణితంలో సగం తెలిసినట్లే.

ఈ గణితం మనకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దానికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో వడ్డీ లెక్కలకు విస్తృతమైన స్థానం కల్పించాడు. పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు చేశాడు. అనగా తెలుగులో గణితగ్రంథం పుట్టిన తొలినాళ్లలోనే మన పూర్వులు ఇట్టి లెక్కలను తమ భాషలో చదువుకున్నారు. నేడు మనం వాటిని ఆంగ్లంలో అచ్చయిన పత్రంలో చూచి భయపడుతున్నాం.

సమానమైన కంతు, అసమానమైన భాగాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వ్యక్తి కారు కొరకు 6,00,000 రూపాయలు ఋణం తీసుకున్నాడు. వడ్డీ సంవత్సరానికి 12 శాతం. మన పల్లెల భాషలో నూటికి నెలకు రూపాయి, అనగా "రూపాయి వడ్డీ". గడువు 5 సంవత్సరాలు, అనగా 60 నెలలు. బ్యాంకులు ఇ.ఎం.ఐ. అని వ్యవహరించే సమాన నెలసరి వాయిదా ఈ ఋణానికి సుమారు 13,347 రూపాయలు అవుతుంది. (12 శాతం అన్నది లెక్క సులభంగా ఉండుటకు ఎన్నుకొన్నది మాత్రమే. బ్యాంకులు దినవారీగా లెక్కించడం వలన అసలు పత్రాలలో కొన్ని రూపాయల తేడా రావచ్చును.)

మొదటి నెల గడిచేసరికి బాకీ 6,00,000. దానిపై నూటికి రూపాయి చొప్పున వడ్డీ 6,000. కట్టిన 13,347లో ముందుగా ఈ 6,000 వడ్డీకి జమ అవుతుంది. మిగిలిన 7,347 మాత్రమే అసలును తగ్గిస్తుంది. బాకీ 5,92,653 అవుతుంది. రెండవ నెల వడ్డీని ఈ బాకీపై లెక్కిస్తారు గనుక అది 5,927కు తగ్గి, అసలుకు 7,420 చేరుతుంది. మూడవ నెల వడ్డీ 5,852, అసలు 7,495. ఈ విధంగా నెలనెలా వడ్డీ భాగం కరుగుతూ, అసలు భాగం పెరుగుతూ, చివరి నెలకు వడ్డీ 132 రూపాయలకు దిగుతుంది. కంతు మాత్రం మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. పైకి నిశ్చలంగా కనిపించే కంతు లోపల ప్రతి నెలా ఈ మార్పు జరుగుతూనే ఉంటుంది.

సంవత్సరాలవారీగా చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది.

మొదటి సంవత్సరం: వడ్డీ 66,986, అసలు 93,174, మిగిలిన బాకీ 5,06,826.
రెండవ సంవత్సరం: వడ్డీ 55,169, అసలు 1,04,991, బాకీ 4,01,835.
మూడవ సంవత్సరం: వడ్డీ 41,854, అసలు 1,18,306, బాకీ 2,83,529.
నాలుగవ సంవత్సరం: వడ్డీ 26,849, అసలు 1,33,311, బాకీ 1,50,218.
ఐదవ సంవత్సరం: వడ్డీ 9,942, అసలు 1,50,218, బాకీ లేదు.

మొత్తం వడ్డీ 2,00,800 రూపాయలు. ఇందులో మొదటి రెండు సంవత్సరాలలోనే 1,22,155 చెల్లిపోయింది. గడువులో సరిగా సగం, అనగా 30 నెలలు, ముగిసేనాటికి బాకీ సగానికి దిగదు. ఇంకను 3,44,447 ఉంటుంది. అసలులో సగం తీరేది 35వ నెలలో. "రెండున్నరేండ్లు కట్టినాను, సగం అప్పు తీరింది" అని భావించి బండి అమ్మకానికి పెట్టినవాడు ఇక్కడనే నిరాశకు లోనవుతాడు. కొత్త వాహనం విలువ తొలి సంవత్సరాలలో వేగంగా పడిపోతుంది. అసలు మాత్రం ఆ సంవత్సరాలలోనే నెమ్మదిగా తగ్గుతుంది. అందుచేత మొదట చేతినుండి పెట్టే సొమ్ము బొత్తిగా తక్కువైతే, బండి అమ్మినా బాకీ తీరని పరిస్థితి ఏర్పడవచ్చును.

ఇది మోసమా?

తొలి కంతులలో వడ్డీ అధికంగా ఉండడం చూచి బ్యాంకు మోసగిస్తున్నదని కొందరు భావిస్తారు. అది సరికాదు. వడ్డీ రేటు మొదటినుండి చివరివరకు నూటికి రూపాయే. తొలినాళ్లలో మన చేతిలో ఉన్న పరుల సొమ్ము ఎక్కువ గనుక దాని వడ్డీ ఎక్కువ. బాకీ తగ్గిన కొలది వడ్డీ తగ్గింది. ఇదే ఈ వ్యాసమంతటికీ మూలసూత్రం: వడ్డీ మనం మొదట తీసుకున్న అసలుకు కాదు, ఇంకను మిగిలియున్న బాకీకి చెల్లించవలసినది.

అసలు తగ్గని ఋణం ఎట్లుంటుందో తెలిస్తే ఈ పద్ధతి విలువ అర్థమవుతుంది. మన ప్రాంతపు జనశ్రుతిలో శ్రీ వేంకటేశ్వరునికి వడ్డీకాసులవాడని పేరు. కల్యాణం కొరకు కుబేరుని వద్ద ఋణం తీసుకొని, కలియుగాంతం వరకు వడ్డీ చెల్లిస్తూ ఉంటాడని ఐతిహ్యం. గణిత దృష్టితో చూస్తే అది వడ్డీ మాత్రమే చెల్లించే ఋణం. అందుచేత అసలు నిలిచియుంటుంది. దేవుని గాథ అట్లుండగా, మానవులకు అట్టి ఋణం తరతరాల భారం. రెండు రూపాయల వడ్డీకి 6,00,000 తెచ్చిన రైతు నెలకు 12,000 చొప్పున ఐదేండ్లలో 7,20,000 కట్టినా, అసలు 6,00,000 అట్లే నిలిచియుంటుంది. పైన చెప్పిన బ్యాంకు కంతుకూ దీనికీ నెలకు 1,347 రూపాయలే తేడా. కాని ఐదేండ్ల తరువాత ఒకరు ఋణవిముక్తులు, మరొకరు మొదటిరోజు నిలిచిన చోటనే నిలిచియున్నారు.

ఈ దుస్థితిని ప్రభుత్వం కూడ ఒకనాడు గుర్తించింది. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణోపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులలో, అసలు వడ్డీ కలిపి అసలుకు రెండింతలు చెల్లించిన రైతు ఋణం పూర్తిగా తీరినట్లేనని ఆ చట్టం నిర్దేశించింది. ఎంత కట్టినా అసలు తరగని పద్ధతి వలన అట్టి చట్టం అవసరమైంది.

"ఫ్లాట్" వడ్డీ అనే మాయ

ఋణగ్రస్తుడు నిజంగా జాగరూకుడై ఉండవలసిన చోటు వేరొకటి ఉన్నది. కొందరు ఫైనాన్స్ వ్యాపారులు "ఫ్లాట్" రేటు అనే పద్ధతిలో వడ్డీ చెబుతారు. ఇందులో బాకీ ఎంత తగ్గినా వడ్డీని మాత్రం మొదటినాటి అసలుపైనే, గడువు మొత్తానికీ లెక్కిస్తారు. 6,00,000కు 12 శాతం ఫ్లాట్ అంటే సంవత్సరానికి 72,000, ఐదేండ్లకు 3,60,000. అసలుతో కలిపి 9,60,000. నెలసరి కంతు 16,000. మన లెక్కలో వడ్డీ 2,00,800 మాత్రమే కాగా, ఇక్కడ 3,60,000 అయింది. మాటకు రెండూ 12 శాతమే. తగ్గుతున్న బాకీపై లెక్కిస్తే ఈ ఫ్లాట్ రేటు నిజానికి 20 శాతానికి పైబడుతుంది.

మరొక చిత్రం చూడండి. ఒకరు "మాది 7 శాతమే" అంటారు. మరొకరు "మాది 12 శాతం" అంటారు. అమాయకుడు మొదటివాని వద్దకే పోతాడు. కాని ఆ 7 శాతం ఫ్లాట్ అయితే వడ్డీ 2,10,000, నెలసరి కంతు 13,500. తగ్గుతున్న బాకీపై 12 శాతం అయితే కంతు 13,347. అనగా చెప్పిన 7 శాతం 12 శాతం కంటె ఖరీదైనది. కావున రేటు ఎంత అని అడుగుట చాలదు. ఏ మొత్తంపై ఆ రేటు అని అడుగవలెను. మొదటి అసలుపైనా, మిగిలిన బాకీపైనా అన్న ఈ ఒక్క ప్రశ్న వేలాది రూపాయలను ఆదా చేయగలదు.

ముందుగా కట్టిన సొమ్ము విలువ

మూలసూత్రం తెలిసిన పిదప మరొక ప్రశ్నకు సమాధానం తేలికగా లభిస్తుంది. చేతికి కొంత సొమ్ము అదనంగా వస్తే ఋణంలో ఎప్పుడు కట్టవలెను? మొదటి సంవత్సరం ముగియగానే కంతుకు అదనంగా 50,000 కట్టి, కంతును మార్చకుండా ఉంచితే, మిగిలిన 48 కంతులు 43కు తగ్గుతాయి. ఆ చివరి కంతు కూడ కొద్దిపాటి మొత్తమే. ఆదా అయ్యే వడ్డీ సుమారు 28,600. అదే 50,000 నాలుగవ సంవత్సరం ముగిసిన తరువాత కడితే ఆదా సుమారు 5,450 మాత్రమే. సొమ్ము అంతే, ఫలితం ఐదవ వంతు కంటె తక్కువ. చివరి సంవత్సరంలో తగ్గించుకొనుటకు వడ్డీయే అంతగా మిగలలేదు గదా!

ఇంకొక సూక్ష్మం కూడ గమనార్హం. మొదటి సంవత్సరాంతంలో 50,000 కట్టి, గడువును తగ్గించక కంతును తగ్గించమని కోరితే, కంతు 12,030కి దిగుతుంది. ఆదా మాత్రం సుమారు 13,200 అవుతుంది. నెలసరి ఆదాయం నిలకడ లేనివారికి కంతు తగ్గుట ఊరట. ఆదాయం స్థిరంగా ఉన్నవారికి గడువు తగ్గుటయే లాభం. ఏది కావలెనో వ్రాతపూర్వకంగా తెలుపుట మంచిది.

ముందుగా చెల్లించుటకు అపరాధ రుసుము ఉన్నదేమో ఒప్పందంలో చూచుకొనవలెను. వ్యక్తులు స్వంత అవసరాలకు తీసుకొన్న, మారుతూ ఉండే వడ్డీ గల ఋణాలపై ఇట్టి రుసుమును రిజర్వు బ్యాంకు 2014లోనే నిషేధించింది. స్థిరమైన వడ్డీ గల ఋణాలకూ, టాక్సీ వంటి వ్యాపార వాహనాల ఋణాలకూ షరతులు వేరుగా ఉండవచ్చును. సంతకానికి ముందే చదువుట శ్రేయస్కరం.

2020 నేర్పిన పాఠం

మూలసూత్రం యొక్క మరొక పార్శ్వాన్ని కరోనా కాలం మన తిరుపతికి చూపింది. 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయింది. జూన్‌లో పరిమిత సంఖ్యలో పునఃప్రారంభమైంది. యాత్రికులు లేని తిరుపతిలో టాక్సీకి పని లేదు. కంతుకు మాత్రం గడువు తప్పదు. ఆ దశలో రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న మూడు నెలల పాటు కంతుల వాయిదాకు అవకాశం కల్పించింది. మే నెలలో దానిని ఆగస్టు 31 వరకు పొడిగించింది. ఆ ఆరు నెలలు ఎన్నో కుటుంబాలకు ఊపిరి పోసాయనడంలో సందేహం లేదు.

అయితే వాయిదా అంటే మాఫీ కాదు. కంతు ఆగింది గాని వడ్డీ ఆగలేదు. మన ఉదాహరణలోని వ్యక్తి మొదటి సంవత్సరం చెల్లించి, తరువాతి ఆరు కంతులు ఆపివేశాడనుకుందాం. అతని బాకీ 5,06,826 నుండి 5,38,006కు పెరుగుతుంది. పెరిగినది 31,180. పాత కంతునే కొనసాగిస్తే, మిగిలిన 48 కంతులకు బదులు దాదాపు 52 కట్టవలసి వస్తుంది. ఆరు నెలల విరామానికి మూల్యం సుమారు నాలుగు అదనపు కంతులు.

2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయల లోపు ఋణాలకు, వాహన ఋణాలతో సహా, ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ గల తేడాను తిరిగి చెల్లించే పథకం ప్రకటించింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు ఆ కాలానికి వడ్డీపై వడ్డీ ఎవరివద్దను వసూలు చేయరాదని తీర్పు చెప్పింది. అయితే మొత్తం వడ్డీని మాఫీ చేయవలెనన్న కోరికను అంగీకరించలేదు. వార్త విన్నవారిలో కొందరు వడ్డీ అంతా పోయిందని సంతోషించారు. మన ఉదాహరణలో బారువడ్డీ 30,410, వడ్డీపై వడ్డీ సుమారు 770. తిరిగి వచ్చేది ఆ 770 మాత్రమే. ఈ లెక్క తెలిసినవారు విరామాన్ని ఉపయోగించుకొన్నా, చేయి ఆడగానే బాకీని తగ్గించుకొనుటకు త్వరపడ్డారు.

అడిగి పుచ్చుకొనవలసిన హక్కులు

నేడు ఋణగ్రహీతకు కొన్ని హక్కులు వ్రాతపూర్వకంగా లభించాయి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 అక్టోబరు 1 నుండి కొత్త వ్యక్తిగత ఋణాలకూ చిన్నతరహా వ్యాపార ఋణాలకూ "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అనే ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరవలెను. ఇందులో రుసుములన్నీ కలిపి సంవత్సరానికి పడే నిజమైన రేటు, ప్రతి కంతులోని అసలు వడ్డీల పట్టిక ఉండవలెను. ఈ పత్రం ఋణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండవలెనని కూడ నిబంధన. అనగా తెలుగులో కావలెనని కోరుట దయాభిక్ష కాదు, హక్కు.

మారుతూ ఉండే వడ్డీ గల వ్యక్తిగత ఋణాలలో రేటు పెరిగినప్పుడు కంతు పెంచుకొనుటా, గడువు పొడిగించుకొనుటా, రెండింటినీ కొంత కొంత చేయుటా అన్న ఎంపిక ఋణగ్రహీతకు ఇవ్వవలెనని 2023 ఆగస్టులో మరొక ఆదేశం వెలువడింది. కంతు మారలేదని నిశ్చింతగా ఉన్నవారు గడువు పెరిగిందేమో చూచుకొనవలెను.

చివరి కంతు కట్టిన తరువాత కూడ ఒక పని మిగిలియుంటుంది. బండి రిజిస్ట్రేషను పత్రంలో ఋణదాత పేరు నమోదై ఉంటుంది. బాకీ లేదన్న ధ్రువపత్రం, ఋణదాత సంతకం చేసిన 35వ నంబరు ఫారం తీసుకొని రవాణా శాఖలో సమర్పిస్తేనే ఆ పేరు తొలగుతుంది. లేనిచో బండి అమ్మేనాడు చిక్కులు తప్పవు.

విద్యార్థులకు ఒక మనవి

మన కళాశాలలో చదివేవారిలో పలువురు తమ ఇంట బ్యాంకు పత్రాన్ని చదువగలిగిన మొదటి తరంవారు. తండ్రి, అన్న, మేనమామ వ్రేలిముద్ర వేసిన చోట మీరు సంతకం చేయగల స్థితిలో ఉన్నారు. ఈ సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఋణఖాతా వివరణపత్రం తెప్పించి, ఒక కాగితంపై మూడు గళ్లు గీయండి. ఒకదానిలో వడ్డీ, రెండవదానిలో అసలు, మూడవదానిలో బాకీ. బాకీని నెలసరి రేటుతో గుణించండి. వచ్చినది ఆ నెల వడ్డీకి సరిపోతున్నదో లేదో చూడండి. సరిపోకపోతే బ్యాంకుకు వెళ్లి మర్యాదగా, ధైర్యంగా కారణం అడగండి.

కళాశాల యాజమాన్యసంఘంవారు కూడ సంవత్సరానికి ఒక దినమైనా ఇట్టి వ్యవహార గణితానికి కేటాయించి, విద్యార్థులచే వారి వారి ఇండ్ల లెక్కలు వేయించగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు. చక్రవడ్డీ సూత్రం పరీక్ష ముగియగానే మరపునకు రావచ్చును. తన ఇంటి బండి బాకీ ఎంతో స్వయంగా కట్టిచూచిన లెక్కను ఏ విద్యార్థీ మరువడు.